సర్ధనా బేగం చర్చి: జాగీరు పోయినా నిలిచిన కట్టడం

ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, చెరకు పొలాల మధ్య ఉండే చిన్న పట్టణం సర్ధనా. అక్కడి చర్చికి రెండు ఎత్తైన గోపురాలు, వెడల్పాటి వరండా, వరుస స్తంభాలు ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఇటలీ కట్టడంలా అనిపిస్తుంది. లోపల పాలరాతి బలిపీఠం మీద రంగురాళ్లు పొదిగిన పూలు మాత్రం తాజ్‌మహల్ పనితనాన్ని గుర్తుకు తెస్తాయి. దీన్ని కట్టించింది ముస్లింగా పుట్టి, క్రైస్తవం తీసుకుని, సొంత సైన్యంతో ఈ ప్రాంతాన్ని ఏలిన బేగం సమ్రూ. కాగితాల్లో ఆమె జాగీర్దారు మాత్రమే. అయితే జనం దృష్టిలో రాణి.

ఆమె అసలు పేరు ఫర్జానా. ఢిల్లీలో నర్తకిగా ఉన్నప్పుడు వాల్టర్ రైన్‌హార్ట్ అనే ఐరోపా కిరాయి సైన్యాధికారితో జీవితం మొదలుపెట్టింది. అతని మారుపేరు ‘సోంబ్రే’ జనం నోట్లో ‘సమ్రూ’ అయింది. 1763లో పట్నాలో మీర్ ఖాసిం తరఫున ఆంగ్లేయ బందీలను చంపించిన వాడిగా కంపెనీ అతన్ని ఎన్నడూ క్షమించలేదు. మొఘల్ చక్రవర్తి షా ఆలం అతనికి సర్ధనా జాగీరు ఇచ్చాడు. 1778లో రైన్‌హార్ట్ చనిపోయాడు. మరో భార్య వల్ల అతనికి కొడుకు ఉన్నా, సైన్యం బేగం వైపే నిలబడింది. 1781లో ఆగ్రాలో ఆమె బాప్తిస్మం తీసుకుని జొవన్నా అయింది. తర్వాత సంక్షోభాల్లో తనను ఆదుకున్నందుకు చక్రవర్తి ఆమెను ప్రియమైన కూతురని బిరుదిచ్చి గౌరవించాడు.

చర్చి కథకు అసలు మలుపు 1803. ఆ ఏడాది అస్సాయే యుద్ధంలో ఆమె పటాలాలు సింధియా పక్షాన ఆంగ్లేయులకు ఎదురుగా ఉన్నాయి. సింధియా ఓడిపోయాడు. ఢిల్లీ కంపెనీ చేతికి వచ్చింది. బేగం గాలి ఎటు వీస్తోందో గ్రహించి రాజీకి వచ్చింది. 1805 ఒప్పందం ప్రకారం జాగీరు ఆమెకే ఉంటుంది, కానీ ఆమె బతికినంత కాలమే. వారసులకు ఇవ్వడానికి రాజ్యం లేదని ఆమెకు అప్పుడే తెలుసు. మరో నాలుగేళ్లకు, 1809లో చర్చి పనులు మొదలయ్యాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా సర్ధనా చర్చి అర్థం కాదు. భక్తి లేదని కాదు. అయితే కంపెనీ జప్తు చేయలేనిది ఏదైనా మిగలాలంటే అది రోమ్ రక్షణలో ఉన్న దేవాలయమే కావాలి.

నమూనా గీసింది ఆమె కొలువులోని ఇటలీ దేశస్థుడు ఆంటోనియో రెఘెలీనీ. ఖర్చు అప్పటి లెక్కలో దాదాపు 4 లక్షల రూపాయలని చెబుతారు. 1822లో చర్చి పూర్తయింది. పునాదులకు, గోడలకు మట్టి తీసిన చోటే పక్కన చెరువులు ఏర్పడ్డాయని స్థానికుల మాట. ఆమె పోప్‌కు భారీ విరాళం పంపింది. ఆంగ్లికన్ సంస్థలకూ ఇచ్చింది. రెండు వైపులా తలుపు తెరిచి ఉంచడం ఆమెకు మొదటి నుంచీ అలవాటే. 1834లో పోప్ 16వ గ్రెగొరీ సర్ధనాను ప్రత్యేక మత ప్రాంతంగా ప్రకటించి, స్కోటి అనే ఇటలీ గురువును బిషప్‌గా నియమించారు. ఆ హోదా ఎక్కువ కాలం నిలవలేదు.

1836 జనవరి 27న బేగం కన్నుమూసింది. కంపెనీ వెంటనే జాగీరును కలిపేసుకుంది. ఆమె పెంచుకున్న డేవిడ్ డైస్ సోంబ్రే, రైన్‌హార్ట్‌కు ముని మనవడు, నగదు సంపదతో ఇంగ్లండ్ వెళ్లాడు. 1841లో సడ్‌బరీ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఓటర్లకు లంచాలిచ్చారంటూ మరుసటి ఏడాది ఆ ఎన్నికను రద్దు చేశారు. తర్వాత అతన్ని మతిస్థిమితం లేనివాడిగా తేల్చి ఆస్తి మీద అధికారం తీసేశారు. 1851లో చనిపోయేదాకా అతను దానితోనే పోరాడాడు.

చర్చిలో బేగం సమాధి మీద ఉన్న పాలరాతి శిల్పాలు అతను చేయించినవే. రోమ్ శిల్పి అదామో తాదోలినీ చెక్కాడు. పైన బేగం కూర్చుని ఉంటుంది. చేతిలో చుట్టిన పత్రం, జాగీరు ఇస్తూ మొఘల్ చక్రవర్తి రాసిన ఫర్మానా. శిల్పం సర్ధనా చేరేనాటికి ఆ ఫర్మానా చెల్లని కాగితం. కింద బిషప్ స్కోటి, దివాన్ రాయ్ సింగ్, అశ్వదళ అధిపతి ఇనాయతుల్లా, డైస్ సోంబ్రే తదితరులు నిలబడి ఉంటారు. క్రైస్తవ, హిందూ, ముస్లిం కొలువు మొత్తాన్నీ ఒక చర్చిలో ఇలా నిలబెట్టిన సమాధి దేశంలో అరుదు.

ఢిల్లీ చాందినీ చౌక్‌లోని ఆమె భవంతి ఇప్పుడు భగీరథ్ ప్యాలెస్, కరెంటు సామాన్ల టోకు బజారు. సర్ధనాలోని కోటలో చర్చి పాఠశాల నడుస్తోంది. చర్చికి మాత్రం హోదా పెరిగింది. 1961లో పోప్ 23వ జాన్ దీన్ని బాసిలికాగా ప్రకటించారు. ఇప్పుడిది కృపామాత పుణ్యక్షేత్రం. ఏటా నవంబరులో జరిగే ఉత్సవానికి వేల మంది వస్తారు. వారిలో క్రైస్తవులు కానివారూ చాలామందే.