సంపెంగ వాగు, జంపన్న వాగు

మేడారం జాతర గురించి వ్రాసినవారు చాలామందే ఉన్నారు. ఆ ఊరి ప్రక్కన పారే వాగును గురించి వ్రాసినవారు తక్కువ. అందుకే ఈ టపా.

వరంగల్లు నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు. 2016 వరకు ఇదంతా వరంగల్ జిల్లాయే. 2019 నుంచి ములుగు జిల్లా. వాగు ఏటూరునాగారం అడవుల గుండా సాగి గోదావరిలో కలుస్తుంది. వానాకాలంలో ఒడ్డులొరసి పారుతుంది. మాఘమాసానికి ఇసుక నడుమ సన్నని పాయగా మిగులుతుంది.

పూర్వం దీని పేరు సంపెంగ వాగు. కరవులో కప్పం కట్టలేని కోయలపై ప్రతాపరుద్రుని సేనలు దండెత్తాయని, సమ్మక్క కుమారుడు జంపన్న ఓటమిని సహించలేక ఇందులో దూకి ప్రాణం విడిచాడని, అతని నెత్తుటితో నీరు ఎర్రబడిందని కథ. ఎర్రమట్టి వల్లనే ఆ రంగు అనే హేతువాద మిత్రులతో నాకు పేచీ లేదు. కానీ మట్టి పేరు మార్చదు గదా! ఈ కథ మనకు కోయల పాటలలో, పడిగెల మీద నిలిచింది.

రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమి రోజులలో ఇక్కడికి కోటిమందికి పైగా వస్తారని ప్రభుత్వపు అంచనా. ముందు వాగులో స్నానం, తరువాత గద్దెల దర్శనం. భక్తి ఒక్కటే కాదు, విహారమూ ఉంది: చెట్ల క్రింద గుడారాలు, మూడు రాళ్ళ పొయ్యిలు, ఇసుకలో పిల్లల ఆటలు.

ఇంతమందికి ఆ సన్నని పాయ చాలదు. అందుకని జాతరకు లక్నవరం చెరువు నుంచి నీరు వదిలిన సందర్భాలున్నాయి. ఆ చెరువు కాకతీయుల కాలం నాటిది. నేడు వ్రేలాడే వంతెనలతో యాత్రికులను ఆకర్షిస్తోంది. కాకతీయుల చేత ఓడిన జంపన్న వాగుకు కాకతీయుల చెరువు నీరు! చరిత్రలో ఇంతకంటే విచిత్రమైన కప్పం నేను చదవలేదు.

జాతర జనం చూసేది మాఘమాసపు వాగును మాత్రమే. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. జంపన్న వాగు పొంగి, ఏటూరునాగారం మండలం కొండాయి గ్రామాన్ని ముంచెత్తింది. పలువురు కొట్టుకుపోయారు.