లోడ్ టెస్టు: స్థలనిర్ణయ చరిత్ర

ఒక వెబ్ అప్లికేషనును వేలకొలదిగనో లక్షలకొలదిగనో జనులు ఏకకాలమున వాడినయెడల నది యెచట మందగించునో, యెచట కూలునో ముందుగనే కనుగొనుటకై, కృత్రిమ వినియోగదారులను సృష్టించి దానిపైకి పంపు పరీక్షకు లోడ్ టెస్టు అని పేరు. దీనికి స్థలమును నిర్ణయించుటలో రెండు ప్రశ్నలు గలవు: ఒత్తిడి యెచటనుండి బయలుదేరవలెను? ఏ సర్వర్లపై బడవలెను? ఈ రంగమున జరిగిన మార్పులన్నియు నీ రెండింటికి కాలక్రమమున లభించిన సమాధానములే.

తొలినాళ్ళలో రెండు ప్రశ్నలకును సమాధాన మొక్కటే: ప్రయోగశాల. 1989లో స్థాపితమైన మెర్క్యురీ ఇంటరాక్టివ్ సంస్థవారి లోడ్‌రన్నర్ గాని, అపాచీ జేసర్వ్‌ను పరీక్షించుటకై స్టెఫానో మజ్జోకీ రచింపగా 1998లో వెలువడిన జేమీటర్ గాని, అట్టి పరీక్షాసాధనములు సాధారణముగ సర్వరున్న భవనమునందలి కంప్యూటర్లపైననే నడచుచుండెను. నడుమ నున్నది లోకల్ నెట్‌వర్కు మాత్రమే కనుక నిన్నటి ఫలితమును నేటి ఫలితముతో నిస్సంశయముగ పోల్చుటకు వీలుండెడిది. ఈ గుణము నేటికిని తక్కువ విలువ గలది కాదు. అయితే టీసీపీ పోర్టు సంఖ్య 16 బిట్లది యగుటచే, ఒక ఐపీ చిరునామానుండి ఒకే సర్వరు పోర్టునకు 65,535కు మించి కనెక్షన్లు తెరచుట యసాధ్యము. ఆచరణమున నంతకు ముందే ప్రాసెసరో మెమరీయో చాలకపోవును. పరీక్షించు యంత్రమే అలసిపోగా సర్వరు అలసినదని నివేదిక వ్రాసిన సందర్భము లీ వృత్తిలో నరుదు కావు.

ప్రయోగశాలలోని అంకెలకును లోకములోని రద్దీకిని గల యంతరము 1999లో బహిరంగమయ్యెను. ఆ యేడు అక్టోబరు 19న బ్రిటానికా విజ్ఞాన సర్వస్వము తన పాఠమును వెబ్‌లో నుచితముగ నందజేయ బూనినంతనే, వచ్చిపడిన పాఠకుల తాకిడికి సైటు స్తంభించి కొన్ని దినములు అందుబాటులో లేకపోయెను. జ్ఞానమునకు గిరాకీ లేదని చింతించువారికి ఇంతకంటె ఊరట యుండబోదు. ఆ కాలమున కాలిఫోర్నియాలోని కీనోట్ సిస్టమ్స్ వంటి సంస్థలు నానా నగరములలో కొలత యంత్రముల నుంచి, సైటు ఏ యూరినుండి ఎంత వేగముగ తెరచుకొనుచున్నదో చెప్పుచుండెను.

2006లో అమెజాన్ ఈసీ2 ఆరంభమగుటతో, గంట లెక్కన అద్దెకు వచ్చు యంత్రములనుండి ఒత్తిడిని పుట్టించుట సులభమయ్యెను. 2009 డిసెంబరులో మైస్పేస్ సంస్థ న్యూజిలాండులో సంగీత వీడియోల సేవ ప్రారంభించిన సందర్భమున, సోస్టా సంస్థవారు 800 ఈసీ2 యంత్రములనుండి పది లక్షల కృత్రిమ వినియోగదారులను, నిజమైన జనులు వాడుచున్న సైటుపైననే వదలిరి. ఈ సౌకర్యమునందును లోపములు లేకపోలేదు. అప్లికేషనున్న డేటా సెంటరునుండియే ఒత్తిడిని పంపినచో నది బయటి ఇంటర్నెట్టును తాకనే తాకదు. కొలది చిరునామాలనుండి మాత్రమే వచ్చినచో ఫైర్‌వాల్ దానిని దాడిగ నెంచి త్రోసివేయును.

ఒత్తిడి ఏ సర్వర్లపై బడవలెనను రెండవ ప్రశ్నకు గూడ సమాధానము మారెను. అసలు వ్యవస్థకంటె చిన్నదైన, స్టేజింగ్ అను పరీక్షా వ్యవస్థపై కొలిచి, ఆ ఫలితమును గుణించుకొనుట నమ్మదగినది కాదు. పదిరెట్లు సర్వర్లున్నంత మాత్రాన, వెనుకనున్న డేటాబేసు పదిరెట్లు భరించునని హామీ లేదు. అలీబాబా సంస్థ 2013నుండి నవంబరు 11 నాటి అమ్మకములకు ముందు ప్రొడక్షన్ అనబడు అసలు వ్యవస్థపైననే సమగ్ర పరీక్షలు జరుపుచున్నది. ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2016లో ప్రకటించిన క్రాకెన్ పద్ధతిలో కృత్రిమ వినియోగదారులే లేరు: నిజమైన రద్దీనే ఒక డేటా సెంటరువైపు క్రమముగ మళ్ళించి, ప్రమాదచిహ్నములు కనబడగనే విరమింతురు.

రద్దీ వచ్చు త్రోవలను విస్మరించిన ఫలితము 2016 ఆగస్టు 9న ఆస్ట్రేలియా ఆన్‌లైన్ జనగణనలో కనబడెను. గంటకు పది లక్షల ఫారములకు పరీక్షింపబడిన వ్యవస్థ యది. విదేశపు రద్దీని నిరోధించు ఏర్పాటు సింగపూరునుండి వచ్చు నొక లింకుపై పనిచేయకపోవుటయు, పునఃప్రారంభించిన రౌటరు సరిగ లేవకపోవుటయు గలసి సైటు సుమారు 40 గంటలు మూతపడెను. ఫారముల లెక్క సరిపోయినను, అవి యే దారిన వచ్చునో యను లెక్క సరిపోలేదు.

భారతదేశమున అమెజాన్ క్లౌడ్ 2016లో ముంబయిలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను నెలకొనెను. అంతకుమున్ను సమీపస్థానము సింగపూరు. ఫైబరులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పయనించును గనుక, 3,300 కిలోమీటర్ల దూరముననున్న సింగపూరునకు హైదరాబాదునుండి పోయి వచ్చుటకే కనీసము 33 మిల్లీసెకన్లు పట్టును. స్థానము దగ్గరైనను, డేటా సెంటరునుండి బయలుదేరు ఒత్తిడి మొబైల్ నెట్‌వర్కు మీదుగ రాదు. మందగతిగల ఫోను కనెక్షన్లు సర్వరును ఎక్కువసేపు పట్టియుంచి మెమరీని మ్రింగును. వేగముగ ముగియు కృత్రిమ కనెక్షన్ల వలన నీ భారము బయటపడదు. కావుననే భారీ ఒత్తిడిని క్లౌడునుండి పంపుచు, అందలి కొంత భాగమునకు బుద్ధిపూర్వకముగ వేగము తగ్గించి, అదే సమయమున కొలది నిజమైన ఫోన్లపై అనుభవమును వేరుగ కొలుచుట నేడు వాడుకలోనున్న పద్ధతి.