ఉప్పు నుంచి ఐసు దాకా: చేపను నిలవచేసిన కథ



ఆదివారం తెచ్చిన వంజరం ముక్కల్లో సగం పులుసు పెట్టి, మిగతా సగం ఫ్రిజ్‌లో పై అరలోకి నెట్టేయడం మనలో చాలామందికి అలవాటే. మూడు వారాలయ్యాక తీసి చూస్తే అంచులు తెల్లగా పాలిపోయి, బెండుముక్కల్లా ఉంటాయి. ఎంత మసాలా వేసినా పీచుపీచుగానే ఉంటాయి. "పాత సరుకు అంటగట్టింది" అని చేపలమ్మిని తిట్టుకుంటాం. చాలాసార్లు ఆమె తప్పేమీ ఉండదు. దీన్ని ఇంగ్లీషులో 'ఫ్రీజర్ బర్న్' అంటారు, అంటే చలికి కాలడం అన్నమాట. నిజానికి ఆ చేప కాలలేదు, ఎండిపోయింది.

చేపను ఎండబెట్టడం మన తీరానికి కొత్త విద్యేమీ కాదు. బాపట్ల దగ్గర సూర్యలంకలో, రేపల్లె దిగువన నిజాంపట్నంలో నెత్తళ్ళు, సావడాయలు ఇసుక మీద పరిచి ఎండబెట్టడం తరతరాల పని. కండ ఉన్న పెద్ద చేపలను చీల్చి ఉప్పు పట్టించేవారు. చేపలో నీరు పోతే దాన్ని కుళ్ళబెట్టే క్రిములకు బతుకు లేదు. ఇది ఏ పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. ఎడ్లబండి రోజుల్లో సముద్రపు పచ్చిచేప తెనాలి దాకా వచ్చేలోగా మెత్తబడిపోయేది. ఊరి లోపలివాళ్ళకు సముద్రపు చేప అంటే ఎండుచేపే.

అయితే ఎండుచేపకు ప్రాణం ఉప్పు. ఆ ఉప్పు మీద సర్కారు చెయ్యి పడింది. మద్రాసు రాజధానిలో 1805లో కుంఫిణీవారు ఉప్పు వ్యాపారాన్ని తమ గుత్తకింద పెట్టుకున్నారు. 1888 నాటికి మణుగు ఉప్పు మీద పన్ను రెండున్నర రూపాయలు. ఇంటిముందే సముద్రం, పక్కనే ఉప్పుమడి, అయినా జాలరి ఆడది గుప్పెడు ఉప్పు తీసుకుంటే నేరం! డబ్బు పెట్టి కొనలేనివాళ్ళు చేపకు ఉప్పు తగ్గించేవారు. ఉప్పు తగ్గితే చేప కుళ్ళుతుంది, దాన్ని తిన్న పేదవాడి కడుపు చెడుతుంది. చివరికి సర్కారే తీరం వెంట చేపల ఉప్పు యార్డులు తెరిచి, ఆ ఆవరణలో ఊరవేసే చేపకు మాత్రం పన్ను లేని ఉప్పు ఇచ్చింది. 1907లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యాన మద్రాసులో మత్స్యశాఖ మొదలైంది. ఉప్పు పన్ను మాత్రం 1947లో గాని పోలేదు.

ఇక ఐసు సంగతి. మన దేశానికి ఐసు మొదట ఓడెక్కి వచ్చిందంటే నమ్ముతారా? అమెరికాలో బోస్టన్ నగరపు వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలంలో చెరువుల మీద పేరుకున్న మంచును పలకలుగా కోయించి, 1833లో కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల ప్రయాణం. పొట్టులో కప్పి, గాలి తగలకుండా బిగించి తెచ్చారు కాబట్టి సగానికి పైగా ఐసు కరక్కుండా మిగిలింది. మద్రాసు సముద్రపు ఒడ్డున 1842లో కట్టిన ఐస్‌హౌసు ఆ మంచును దాచడానికే. తరవాత స్వామి వివేకానంద బస చేసిన ఆ మేడే ఈనాటి వివేకానంద ఇల్లం. ఆ ఐసు దొరల గ్లాసుల్లోకే గాని జాలరి బుట్టలోకి రాలేదు. 1870ల తరవాత యంత్రాలతో ఐసు తయారుచేయడం వచ్చాకే దాని ధర దిగింది.

ఐసు బుట్టలోకి వచ్చాక మారింది చేప ఒక్కటే కాదు, చేపలమ్మి బేరం కూడా. ఐసు లేని రోజుల్లో ఎండ ఎక్కేకొద్దీ ఆమె ధర దిగాల్సిందే. ఆ సంగతి కొనేవాళ్ళకీ తెలుసు. బుట్టలో కాస్త ఐసు ఉంటే సాయంత్రం దాకా ఆగగలదు, "ఈ ధరకయితే ఇవ్వనమ్మా" అనగలదు. అంచేత ఐసు లేని రోజున నష్టం మొదట ఆమెదే.

చేపను చల్లగా ఉంచడం వేరు, గడ్డకట్టించడం వేరు. రెండోదాన్ని వ్యాపారంగా నిలబెట్టినవాడు క్లారెన్స్ బర్డ్స్ఐ అనే అమెరికన్. 1912లో ఆయన కెనడాలోని లాబ్రడార్ వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు పట్టిన చేప ఆ చలిగాలికి చూస్తుండగానే రాయిలా గట్టిపడటం, నెలల తరవాత వండినా తాజా చేపలాగే ఉండటం గమనించాడు. రహస్యం వేగంలో ఉంది. నెమ్మదిగా గడ్డకడితే చేప కండలో మంచు పెద్దపెద్ద పలుకులుగా ఏర్పడి కండను చీలుస్తుంది. అందుకే కరిగించినప్పుడు నీరు కారి, ముక్క నీరసిస్తుంది. గబగబా గడ్డకడితే పలుకులు సన్నగా ఉండి కండ చెడదు. 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డు కొట్లలో ఆయన పద్ధతిన గడ్డకట్టిన ఆహారం అమ్మకానికి వచ్చింది.

మన దేశం నుంచి గడ్డకట్టించిన రొయ్యలు 1953లో కొచ్చిన్ రేవు నుంచి అమెరికా వెళ్ళాయి. 1957లో అక్కడే చేపల సాంకేతిక పరిశోధనకు కేంద్ర సంస్థ వెలసింది. ఫ్యాక్టరీలో రొయ్య గడ్డకట్టాక దాన్ని మంచునీళ్ళలో ముంచి తీస్తారు. ఒంటినిండా పల్చటి మంచుపొర పడుతుంది. దాన్ని 'గ్లేజింగ్' అంటారు. ఫ్రీజరు గాలి ఆ పొరను ఆరగిస్తుంది గాని లోపలి కండ జోలికి పోదు. ఈ విద్య ఎగుమతి పెట్టెలతో దేశాలు తిరిగింది గాని, ఫ్రిజ్‌తో పాటు మన వంటింట్లోకి రాలేదు. మనకు ఇచ్చింది పెట్టె ఒక్కటే.

బీరువాలో వేసిన కలరా ఉండలు కరిగి నీరు కాకుండానే అరిగిపోతాయి కదా. ఫ్రీజరులో మంచూ అంతే. ఆ పొడిగాలికి చేప ముక్కలోని మంచు ఆవిరై పోయి, చల్లని గోడలకు నూగుమంచుగా పేరుకుంటుంది. నీరు పోయిన చోట గాలి దూరుతుంది. కవళ్ళు, కనగడతల వంటి కొవ్వు చేపలయితే ఆ గాలికి కమురు వాసన కూడా వస్తుంది. మన పెద్దలు కావాలని, ఉప్పు వేసి ఎండబెట్టారు. మన ఫ్రిజ్ మనకు తెలియకుండా, ఉప్పు లేకుండా ఎండబెడుతోంది.

కాబట్టి ఫ్యాక్టరీవాళ్ళు చేసేదే మనమూ చేద్దాం. చేప తెచ్చిన రోజే పొట్ట తీసి, కడిగి, తడి అద్ది, ఒక పూటకు సరిపడా ముక్కలు విడదీయండి. పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి గట్టిపడనివ్వండి. తరవాత ఒక్కో ముక్కనూ ఐసునీళ్ళలో ముంచి తీసి మళ్ళీ పెట్టండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే పొర దళసరి అవుతుంది. అప్పుడు పాలిథీన్ సంచిలో వేసి, గాలంతా నొక్కి తీసి, బిగించి కట్టి, పైన తేదీ రాయండి. రొయ్యలయితే మూతడబ్బాలో నీళ్ళు పోసి మునిగేలా గడ్డకట్టిస్తే సరి. సున్నాకు 18 డిగ్రీలు కింద ఉండే ఫ్రీజరులో చందువా, పండుగప్ప లాంటివి కొన్ని నెలలు ఉంటాయి. కొవ్వు చేపలను రెండు మూడు నెలల్లోపే వాడాలి. చిన్న ఫ్రిజ్‌లో ఐసు అర అంత చల్లగా ఉండదు, అందులో కొద్దిరోజులే. కరెంటు పోతే తలుపు తెరిచి చూడకండి. వండే ముందు రాత్రే కింది అరలోకి దించి నిదానంగా కరగనివ్వండి, కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకండి.

తెల్లబారిన ముక్క తింటే ప్రమాదమేమీ లేదు, ఆ మేరకు కోసి పారేస్తే చాలు. పోయేది రుచి, పెట్టిన డబ్బు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఫ్రీజరు చేపను బాగుచేయదు, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడుతుందంతే. అందుచేత మొప్పలు ఎర్రగా, కళ్ళు నిగనిగలాడుతూ ఉన్న చేపనే కొనండి. అది ఐసులో పెట్టిన చేప అని చేపలమ్మి రూపాయి ఎక్కువ చెబితే, ఆ ఐసుకు ఆమె పెట్టిన ఖర్చు కూడా కాస్త తలచుకోండి.