వెన్నెముక కండర క్షీణత: తీవ్రతను మార్చే జన్యుభేదాల చరిత్ర

వెన్నెముక కండర క్షీణత (ఎస్‌ఎంఏ) వెన్నుపాములోని చాలక నాడీకణాలు నశించి కండరాలు సన్నగిల్లే వంశపారంపర్య వ్యాధి. సుమారు 10,000 జననాల్లో ఒకరికి వస్తుంది. లోపించేది ఒకే జన్యువైనా ఒక బిడ్డకు మెడ నిలవదు, మరొకరు పెద్దయ్యేదాకా నడుస్తూనే ఉంటారు. ఆస్ట్రియా వైద్యుడు గీడో వెర్డ్‌నిగ్ 1891లో, హైడెల్‌బర్గ్‌లో యోహాన్ హాఫ్‌మన్ 1893లో పసిపిల్లల్లో దీన్ని వర్ణించారు. 1956లో స్వీడన్‌కు చెందిన కుగెల్‌బర్గ్, వెలాండర్ నడవగలిగే రోగులను వర్ణించాక అది వేరే జబ్బేమోనన్న చర్చ సాగింది. 1990లో రెండు రూపాల మూలమూ 5వ క్రోమోజోములో ఒకే చోట తేలింది.

అసలు మలుపు 1995. పారిస్‌లో జూడిత్ మెల్కీ బృందం ఈ జబ్బులో లోపించే ఎస్‌ఎంఎన్‌1 జన్యువును పట్టుకుంది; దాని పక్కనే ఎస్‌ఎంఎన్‌2 అనే జంట జన్యువు కూడా కనిపించింది. ఈ రెంటికీ మధ్య కీలకమైన తేడా 7వ ఎక్సాన్‌లో (జన్యువులో ప్రోటీను తయారీకి వాడే ముక్కల్లో ఏడోది) ఒక్క అక్షరం: ‘సి’ ఉండాల్సిన చోట ఎస్‌ఎంఎన్‌2లో ‘టి’. ఆ ఒక్క మార్పుతో ఎస్‌ఎంఎన్‌2 సందేశంలో ఎక్కువ భాగం 7వ ఎక్సాన్‌ను వదిలేస్తుంది, పూర్తి ప్రోటీను సుమారు పదోవంతే తయారవుతుంది. అందుకే ఎస్‌ఎంఎన్‌2 కాపీలు ఎక్కువ ఉన్నకొద్దీ జబ్బు మెత్తబడుతుంది. జర్మనీలో 2002లో వెలువడిన చక్కని అధ్యయనం ప్రకారం, ఆరునెలల లోపే మొదలయ్యే తీవ్ర రూపమున్న వారిలో 80 శాతం మందికి ఒకటో రెండో కాపీలు. కూర్చోగలిగినా నడవలేని వారిలో 82 శాతానికి మూడు.

తెలుగునాట తీవ్రతకు మేనరికాన్ని తప్పుపట్టడం పరిపాటి. మంజీరా పరీవాహకంలోని బిచ్కుంద ప్రాంతం మొదలుకొని తీరాంధ్ర దాకా మేనమామ–మేనకోడలు, బావ–మరదలు సంబంధాలు పాత ఆనవాయితీయే. దగ్గరి సంబంధం జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచుతుందన్నది నిజం. తీవ్రత సంగతి వేరు. ఇద్దరు తల్లిదండ్రులూ ఒకే పూర్వీకుడి క్రోమోజోమును అందిస్తే, అందులో ఉన్న ఎస్‌ఎంఎన్‌2 బిడ్డలో రెట్టింపవుతుంది: ఒకటి ఉంటే రెండు, రెండు ఉంటే నాలుగు. అదే ఆచారం ఒక ఇంట కఠిన రూపాన్ని, మరో ఇంట తేలిక రూపాన్ని ఇవ్వగలదు.

కాపీల లెక్కే సర్వస్వమైతే, ఒకే లెక్క ఉన్న తోబుట్టువులకు జబ్బు వేర్వేరుగా ఎందుకుంటుంది? ఈ ఆక్షేపణ బలమైనదే. 2008లో కొలోన్‌కు చెందిన బ్రున్‌హిల్డ్ విర్త్ బృందం కొన్ని కుటుంబాల్లో అదే జన్యులోపం ఉన్నా జబ్బు రాని అక్కచెల్లెళ్లలో ప్లాస్టిన్‌ 3 అనే ప్రోటీను అధికంగా ఉందని చూపింది. 2009లో ఎస్‌ఎంఎన్‌2లోనే మరో చిన్న భేదం బయటపడింది. అది ఉన్నవారికి రెండే కాపీలున్నా జబ్బు తేలికగా సాగింది. కాపీల సంఖ్య బలమైన సూచన, జాతకం మాత్రం కాదు.

2016 డిసెంబరులో అమెరికా అనుమతి పొందిన నుసినర్సెన్ అనే మందు ఈ ఎస్‌ఎంఎన్‌2నే సరిగా పనిచేయిస్తుంది. ఇలాంటి జబ్బుల చికిత్సకు సాయపడే భారత అరుదైన వ్యాధుల విధానం 2021లో వచ్చింది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి దాని ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. ఒక్కో రోగికి సాయం పరిమితి 2022లో రూ. 50 లక్షలకు పెరిగింది. మందు ఎప్పుడివ్వాలన్న నిర్ణయంలోనూ కాపీల లెక్క కనిపిస్తుంది: అమెరికాలో నవజాత పరీక్షలో బయటపడిన, నాలుగు కాపీలున్న శిశువుకు మందివ్వకుండా వేచి చూడమని 2018లో చెప్పిన నిపుణులు, 2020లో మాట మార్చి వెంటనే మొదలుపెట్టమన్నారు.