రెండువేలు దాటితే చట్టం చుట్టమయ్యేది కాదు

సామర్లకోటలో అద్దిల్లు అనగానే అందరూ చెప్పే మాట ఒకటే, "కాకినాడ కంటే చవకండీ" అని. పదిహేను కిలోమీటర్ల దూరమే మరి. ఈ తేడా చట్టంలోకి కూడా ఎక్కిందన్న సంగతి చాలామందికి తెలీదు.

1960 నాటి మన అద్దె నియంత్రణ చట్టం న్యాయమైన అద్దెకి పెట్టిన కొలబద్ద ఏంటో తెలుసా? 1944 ఏప్రిల్ 5కి ముందు పన్నెండు నెలల్లో నడిచిన అద్దెలు! అంటే యుద్ధకాలపు రేట్లన్నమాట. ఇలాగైతే కొత్త ఇళ్ళు ఎవడు కడతాడని, 1957 ఆగస్టు 26 నుంచి కట్టినవాటిని చట్టం నుంచి తప్పించేశారు. గడువు మాత్రం పెట్టలేదు. మన భాషలో చెప్పాలంటే ఎక్స్‌పైరీ డేట్ లేని టెంపరరీ ప్యాచ్. పాతికేళ్ళ కొంప కూడా "కొత్తదే". 1983లో సుప్రీంకోర్టు ఈ మినహాయింపుని కొట్టేసింది.

వెంటనే డిసెంబర్లో ఇంకో ప్యాచ్: అద్దె నెలకి వెయ్యి దాటితే చట్టం వర్తించదు. 2005 సవరణలో ఆ వెయ్యి కార్పొరేషన్లలో 3500, మిగతా ఊళ్ళలో 2000 అయింది. సామర్లకోట మునిసిపాలిటీ కాబట్టి ఆ చట్టం అమల్లో ఉన్నన్నాళ్ళూ రెండువేల లెక్కే. కార్పొరేషన్లో పాత ఇంటికి రెండున్నరవేలు కట్టేవాణ్ణి ఖాళీ చేయించాలంటే ఓనరు కారణం చూపాల్సి వచ్చేది. అదే అద్దె సామర్లకోటలో కడితే పదిహేను రోజుల నోటీసు, ఆపైన సివిల్ కోర్టు ఉండేవి. చవక ఊరివాడికే రక్షణ తక్కువగా ఉండేది!

ఉద్యోగుల కరువు భత్యం ధరల సూచీని బట్టి ఏటా రెండుసార్లు లెక్కగడతారు. ఈ రెండువేలని మాత్రం హార్డ్‌కోడ్ చేసి వదిలేశారు.