గోడల్లో తేనె ఉన్న ఊళ్ళు

మా దేవరకొండ వైపు పాత ఇంటి గోడ అంటే తక్కువలో తక్కువ రెండడుగుల మందం. లోపలొక వరస, బయటొక వరస రాళ్ళు పేర్చి, నడుమ చిల్లరాళ్ళూ మట్టీ కూరేవాళ్ళు. రెండు మూడు తరాలు గడిచేసరికి ఆ మట్టి కుంగుతుంది, ఎలుకలు తోడతాయి, గోడ కడుపులో ఖాళీలు పడతాయి. బయట గచ్చు వేలెడంత మేర ఊడితే చాలు, లోపలికి దారి ఏర్పడినట్టే. ఆ దారిన తేనెటీగలు దూరి కాపురం పెట్టిన గోడలు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. గడీల ప్రహరీలు, మామిడితోటల చుట్టూ కట్టిన రాతిగోడలు, నీళ్ళు ఇంకిన మోటబావుల ఒరలు, బురుజులు, పాడుబడిన గుళ్ళు... వీటిలో తేనె ఉన్న చోట్లను కూలకముందే రాసిపెట్టుకోవాలని నా పట్టుదల. పాలకులు వేయించిన శాసనాలు చదివిపెట్టేవాళ్ళు మనకు ఉన్నారు. ఊరి గోడను చదివిపెట్టేవాళ్ళే లేరు.

ఇలాంటి నమోదు లోకంలో ఇంతకుముందే జరిగింది. బ్రిటన్‌లో పాత తోటగోడలకు వరసగా గూళ్ళు కనిపిస్తాయి. మన దీపపు గూళ్ళ మాదిరే ఉంటాయి గానీ ఇంకాస్త పెద్దవి. అప్పట్లో వాళ్ళు గడ్డితో అల్లిన బుట్టల్లో ఈగలను పెంచేవారు. ఆ బుట్టలు వానకు నానకుండా, గాలికి దొర్లిపోకుండా గోడ కట్టేటప్పుడే గూడు వదిలి కట్టుకున్నారు. ఎక్కువ గూళ్ళు దక్షిణానికో ఆగ్నేయానికో చూస్తాయి. చలిదేశం కదా, పొద్దుటి ఎండ బుట్టకు తగిలితే ఈగలు తొందరగా పనిలోకి దిగుతాయి. 1852లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు, చట్రాలను పైకి తీసి మళ్ళీ దించుకోగల చెక్కపెట్టెకు పేటెంటు తీసుకున్నాడు. ఆ తరహా పెట్టెలు వాడుకలోకి వచ్చినకొద్దీ బుట్టలు మూలపడ్డాయి, గూళ్ళు ఖాళీ అయ్యాయి. అవి దేనికోసం కట్టారో కూడా జనం మరిచిపోతున్న వేళ, ఎవా క్రేన్ 1949లో నెలకొల్పిన తేనెటీగల పరిశోధన సంఘం 1952లో వాటి నమోదు మొదలుపెట్టింది. ఈ రోజుకు ఆ చిట్టాలో 1,500కు పైగా చోట్లున్నాయి. ప్రతి గోడకూ కొలతలు, గూళ్ళ లెక్క, అవి చూసే దిక్కు, దొరికితే కట్టిన కాలం రాసి ఉంచారు.

అంత దూరం ఎందుకు, మన దేశంలోనే కాశ్మీరు, హిమాచల్, కుమావూ కొండల్లో ఇంటి గోడలోనే తేనెగూడు వదిలి కట్టే పద్ధతి ఉంది. గోడ బయటివైపు ఈగ పట్టేంత కన్నం, లోపలివైపు గదిలోకి తెరుచుకునే మూత. మూత చుట్టూ మట్టి మెత్తుతారు. తేనె తీసే నాడు ఇంట్లోంచే మూత తీసి, కాస్త పొగ ఊది, పక్కల ఉన్న తేనెపట్టు కోసుకుని, పిల్ల ఉన్న పట్టును అలాగే వదిలి మళ్ళీ మూసేస్తారు. 1820లలో కాశ్మీరు చూసిన మూర్‌క్రాఫ్ట్ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఈ గోడగూళ్ళను చాలా వివరంగా రాసిపెట్టాడు.

మా వైపు నేను చూసిన గోడల్లో ఈగల కోసమని వదిలి కట్టిన గూడు ఒక్కటీ లేదు. ఇక్కడ చోటు వెతుక్కున్నది ఈగే. మనిషి చేసిందల్లా దాన్ని వెళ్ళగొట్టకుండా ఉండటం. మన నేలలో ఎండ ఎక్కువ, పూత కాలం తక్కువ. చెలకల్లో ఆముదం, నువ్వులు, గట్ల మీద కానుగ, వేప, చింత, రేగు, బావుల కింద నల్లగొండ బత్తాయి, నిమ్మ... ఇవి పూసినంత కాలమే ఈగకు తిండి. పూత అయిపోతే ఈగ లేచిపోతుంది, మళ్ళీ కాలం వస్తే తిరిగి వస్తుంది. అలా వచ్చిపోయే ఈగకు పెట్టె కట్టి కాపలా కాయడం కంటే అది దిగే చోటు తెలుసుకుని ఉంచుకోవడమే ఇక్కడి తెలివి. ఆ తెలివి ఊరి పెద్దల నోట్లోనే ఉంది, కాగితం మీద ఎక్కడా లేదు.

మన ఈగల్లో గోడను ఇష్టపడేవి రెండే. జుంటీగ అరచేతంత తుట్టెను పొదల్లో, కొమ్మకు కడుతుంది. దానికి గోడతో పని లేదు. కొండల మీది పెద్ద ఈగకు చీకటి గిట్టదు. బండ చరియల కిందా ఎత్తైన చెట్లకూ బయటికి కనబడేలా బారెడు తుట్టె వేలాడదీస్తుంది. దేవరకొండ ఖిల్లా బండల కింద, గుళ్ళ గోపురాలకు కనబడేవి అవే. గోడలోకి పోయేది ముందుగా పుట్టతేనె ఈగ. పాముపుట్ట, చెట్టు తొర్ర, గోడ సందు దేనిలోనైనా చీకటి ఉంటే చాలు, లోపల ఒకదాని పక్కన ఒకటిగా ఆరేడు పట్టులు కట్టుకుంటుంది. బురుజు కట్టినప్పుడు మేస్త్రీలు నిలబడేందుకు గోడలోకి అడ్డంగా దూర్చిన కట్టెలను పని ముగిశాక తీసేసేవారు. ఆ కన్నాలు అలాగే మిగులుతాయి. చిలకలు, గోరింకలు పట్టని కన్నాల్లో ఈ ఈగలు దిగుతాయి.

రెండోది కుట్టని ఈగ. చాలా చిన్నది, నల్లగా ఉంటుంది, చాలామంది దాన్ని తేనెటీగ అనుకోరు. దర్వాజ చౌకట్టుకూ రాయికీ మధ్య సందులో చూడండి. చిటికెన వేలంత గొట్టం ఒకటి గోధుమరంగులో బయటికి పొడుచుకుని ఉంటుంది. వేప, మామిడి జిగురు తెచ్చి తన మైనంతో కలిపి ఆ ఈగ కట్టుకున్న వాకిలి అది. మూతి చుట్టూ నాలుగైదు తలకాయలు ఎప్పుడూ కాపలా ఉంటాయి. చీమ దగ్గరికొస్తే ఆ మూతికి తాజా జిగురు పూస్తాయి, చీమ కాళ్ళు అంటుకుపోతాయి. లోపల పట్టులుండవు, కందిగింజ కంటే కాస్త పెద్ద బుడ్డీలు గుత్తులుగా ఉంటాయి. వాటిలో పుల్లటి తేనె. ఏడాదికి ఒక గోడలో దొరికేది చిన్న గిన్నెడు కూడా కాదు. అందుకే దాన్ని అమ్మరు, మందుకని దాస్తారు. నిజం చెప్పాలంటే నా నోటుబుక్కులో నాకు ఇష్టమైన పేజీలు ఈ ఈగవే. ఒకసారి కుదురుకుంటే ఏళ్ళ తరబడి ఆ సందు వదలదు. ఒక ఇంటి వయసు అడిగితే తడుముకునే అవ్వ, గడప పక్కన ఈగలు తన పెళ్ళికి ముందు నుంచీ ఉన్నాయని మాత్రం తేల్చి చెబుతుంది.

గోడలో తేనె ఉంటే అది ఎవరిది? మా ఊళ్ళో కట్టు ఏమిటంటే, గోడ ఎవరిదైతే తేనె వాళ్ళది, తీసినవాడికి సగం. బురుజు మీద, గుడి గోడలో ఉన్నదానికి ఇంటివాళ్ళు ఉండరు కాబట్టి బాలింతలున్న ఇళ్ళకు ముందు, మిగిలింది తీసినవాడికి. పిల్ల ఉన్న ముక్కను ముట్టుకోకూడదు. రాయి కదిపితే మళ్ళీ పెట్టి మట్టితో మెత్తాలి. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి గానీ, ఒక ఊరు ఉమ్మడి వస్తువును ఎలా పంచుకుందో చెప్పే ఆధారాలు ఇంతకంటే ఏముంటాయి?

ఈ పంపకం నియమాలు ఊళ్ళకంటే గట్టిగా ఉన్నది అడవిలో. పాత మహబూబ్‌నగర్ జిల్లా దక్షిణ కొస, ఇప్పటి నాగర్‌కర్నూల్‌లోని అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటు ఎక్కితే అమ్రాబాద్ గుట్టలు. కృష్ణ వైపు నిట్టనిలువు చరియలు, సలేశ్వరం లాంటి లోతైన లోయలు. పెద్ద ఈగకు ఇవే గోడలు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1940లో ఇక్కడి అడవిబిడ్డలైన చెంచుల గూడేల్లో, అంటే పెంటల్లో ఉండి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చువేశాడు. ఏ పెంట వాళ్ళు ఎంతమేర అడవిలో తిరుగుతారు, గడ్డలెక్కడ తవ్వుతారు, తేనె ఎలా తీస్తారు అన్నది అందులో ఉంది.

తేనె తీయడం ఎలా ఉంటుందో చెప్పాలి. అడవి తీగలతో పేనిన నిచ్చెనను చరియ అంచున చెట్టుకు కట్టి కిందికి వదులుతారు. పచ్చి ఆకులు, ఎండుగడ్డి కలిపి కట్టిన పొగకట్టతో ఒకడు దిగుతాడు. కాళ్ళ కింద వందల అడుగుల లోతు. పొగకు ఈగలు లేచాక, పొడవాటి వెదురుకర్రతో తుట్టెలో తేనె ఉన్న భాగాన్ని కోసి బుట్టలో పడేలా చేస్తాడు. పైన ఆ నిచ్చెన తాడు దగ్గర కూర్చునేది అతని బావమరిది. సొంత తమ్ముడిని కూర్చోబెట్టరు. తాడు జారితే చచ్చేది తన అక్కో చెల్లెలో కట్టుకున్న మొగుడు, ఆమె మెడలో పుస్తె తెగుతుంది. కాబట్టి బావమరిది చెయ్యి వదలడని చెంచులు చెబుతారు. ఒక మనిషి ప్రాణాన్ని చుట్టరికానికి కట్టి ఉంచిన ఏర్పాటు ఇది. ఏ చరియకు ఎవరు దిగాలి, తాడు ఎవరు పట్టాలి అన్నది పెంటలో అందరికీ తెలుసు. పెద్ద ఈగలు వలసపోయి మరుసటి కాలానికి అదే చరియకు, అదే చెట్టుకు తిరిగి రావడం శాస్త్రజ్ఞులు కూడా గమనించిన సంగతే. అందుకే ఒక్కో చరియ ఒక చిరునామా.

ఈ చిరునామాలు కాగితం మీద ఉండటం చెంచులకు అవసరం కూడా. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో తేనెను, మైనాన్ని పేరుపెట్టి చెప్పింది. వాటిని సేకరించుకునే హక్కు ఆ చట్టం కింద అడగవచ్చు. 2008 నిబంధనల ప్రకారం, హక్కు అడిగేవారు కాక వేరే పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ సాక్ష్యమే. పులుల అభయారణ్యం నడుమ బతుకుతున్న పెంటకు, ఫలానా చరియకు మా తాతలు దిగారన్న రాత చాలా విలువైనది. అయితే ఆ జాబితా గ్రామసభ పెట్టెలోనే ఉండాలి. చరియల ఆనవాళ్ళు పదిమందికీ పంచితే మరుసటి ఎండకాలం తుట్టెలన్నీ బయటివాళ్ళ పాలవుతాయి. చరిత్ర రాసేవాడికి అన్నీ అచ్చేయాలన్న ఆత్రం ఉంటుంది. ఇక్కడ దాన్ని అదుపులో పెట్టుకోవాలి.

రాసుకోకపోతే ఏమవుతుందో ఈ జిల్లాలకు తెలిసినంత మరొకరికి తెలియదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు వచ్చేటప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. మంచి పని, ఎంతో ఓపికతో చేశారు. కానీ అదే నీళ్ళలో మునిగిన ఊళ్ళ ఇళ్ళు, తోటగోడలు, బావులు ఎలా ఉండేవో చూపే ఒక గీత కూడా చాలా ఇళ్ళకు మిగల్లేదు. నీళ్ళు లేని చోట పాత గోడలను మాయం చేసే పని జేసీబీ చేస్తోంది. కొత్త ఇంటికి సిమెంటు గోడ తొమ్మిదంగుళాలు. దానిలో ఈగకు సందు లేదు. పాత బావులు పూడుస్తున్నారు, ఆముదం పోయి చెలకల్లో పత్తి వచ్చింది, పత్తితో మందుల పిచికారీ వచ్చింది.

గోడ నిలబడి ఉన్నా ఈగ లేకపోవచ్చు. 1991, 92 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిలో పుట్టతేనె ఈగలను ఊడ్చేసింది. పిల్లపురుగులు సంచుల్లా ఉబ్బి పట్టులోనే చచ్చిపోయేవి. కేరళలో పెట్టెలు పెంచేవారు వాటిలో 90 శాతానికి పైగా పోగొట్టుకున్నారు. అందుకని గోడ దగ్గర నిలబడి నేను మొదట అడిగేది ఇప్పుడు తేనె ఉందా అని కాదు. ఎప్పటి నుంచి ఖాళీగా ఉంది అని. ఏడాది గుర్తులేకపోతే కరువు, ఎన్నికలు, పిల్ల పెళ్ళి లాంటి గుర్తుతో చెబుతారు, అది చాలు. తర్వాత కన్నం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, ఎటు చూస్తుందో, ఎంత వెడల్పో టేపుతో కొలుస్తాను. రాయి నల్లదా, ఎర్రదా, అతుకు మట్టిదా, డంగుసున్నమా రాస్తాను. కన్నం అంచున మైనం నల్లగా నిగనిగలాడితే చాలాకాలం కాపురం ఉన్నట్టు లెక్క. తేనె తీసినవాళ్ళ పేరు, వాళ్ళు ఒప్పుకుంటేనే రాస్తాను. మా వైపు ఎక్కువ కన్నాలు తూర్పుకో ఉత్తరానికో ఉన్నాయి. బ్రిటన్ గూళ్ళు ఎండను వెతుక్కుంటే, మన ఈగ పడమటి ఎండకు వీపు పెట్టుకుంటుందన్నమాట.

గోడ కూల్చక తప్పని ఇల్లు ఉంటే ఒక్కటే మనవి, కొన్ని రోజుల ముందే చెప్పండి. పుట్టతేనె ఈగలను సాయంత్రం పూట కాస్త పొగబెట్టి, పిల్ల ఉన్న పట్టులను నలగకుండా కోసి, అరటినారతో చెక్కచట్రాలకు కట్టి పెట్టెలోకి మార్చవచ్చు. రాణి ఈగ పెట్టెలోకి వచ్చిందంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. ఆ పెట్టెను కొన్ని రోజులు గోడ ఉన్న చోటే, కన్నం ఉన్నంత ఎత్తులోనే ఉంచాలి, నారను ఈగలే కొరికేసి పట్టును చట్రానికి అతికించుకునే దాకా. కుట్టని ఈగలైతే బుడ్డీల గుత్తిని చెదరకుండా మట్టికుండలోకి తీసి, పాత గొట్టాన్ని కుండ మూతి దగ్గర అతికించాలి. బయట తిరిగొచ్చే ఈగలు ఆ వాసన పట్టుకుని లోపలికి వెళ్ళిపోతాయి. ఈగలను మార్చడం ఒక పూట పని. జేసీబీకి కిరాయి మాట్లాడేటప్పుడే ఆ పూట కూడా మాట్లాడుకుంటే సరిపోతుంది.