పాఠం: భుజం గాయాల చికిత్స – విశ్రాంతి, కదలికల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- భుజం గాయాల చికిత్సకు సంబంధించిన ప్రాచీన ఆధారాలను గుర్తించగలుగుతారు.
- విశ్రాంతి, కదలికల విషయంలో 19వ శతాబ్దంలో వైద్యుల మధ్య వచ్చిన భేదాభిప్రాయాన్ని వివరించగలుగుతారు.
- చికిత్స ఫలితాన్ని కొలవాలనే భావన ఎలా బలపడిందో చర్చించగలుగుతారు.

1. పరిచయం

వైద్య చరిత్ర అనగానే మనకు మశూచి, ప్లేగు, కలరా గుర్తుకు వస్తాయి. ప్రాణం తీసే వ్యాధుల గురించి రాసినంతగా చరిత్రకారులు జబ్బ నొప్పి గురించి రాయలేదు. కాని ఒక్కసారి ఆలోచించండి. నాగలి పట్టే రైతుకు, బరువు మోసే కూలీకి, బావిలో నీళ్లు తోడే స్త్రీకి చెయ్యి పైకి లేవకపోతే ఏమవుతుంది? ప్రాణం పోదు, బతుకుతెరువు పోతుంది. అందుకే భుజానికి చేసిన చికిత్సల చరిత్ర శ్రమ చరిత్రలో కూడా ఒక భాగమే.

ముందుగా భుజం నిర్మాణాన్ని గమనించండి. జబ్బ ఎముక తల పెద్దది, అది కూర్చునే గుంట చాలా లోతు తక్కువది. అందువల్లనే చేతిని అన్ని వైపులా తిప్పగలుగుతున్నాం. ఆ కారణం వల్లనే పెద్ద కీళ్లన్నింటిలో భుజం ఎక్కువగా జారుతుంది. గూడ జారిన భుజాన్ని కదలకుండా ఉంచితే తొందరగా బిగుసుకుపోతుంది. త్వరపడి కదిలిస్తే మళ్లీ జారవచ్చు. ఈ చిక్కును ఒక్కొక్క కాలం ఎలా ఎదుర్కొన్నదో ఇప్పుడు పరిశీలిద్దాం.

2. ప్రాచీన ఈజిప్టు, గ్రీసు

క్రీ.పూ. 1600 ప్రాంతానికి చెందిన ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లో 48 గాయాల వివరాలు ఉన్నాయి. వాటిలో మెడఎముక విరగడం ఒకటి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు రెక్కల మధ్య మడతపెట్టిన గుడ్డ ఉంచి, భుజాలను వెడల్పుగా లాగి, ఎముక సరిగా కూర్చున్న తరువాత నారగుడ్డతో కట్టమని అందులో ఉంది. క్రీ.పూ. 13వ శతాబ్దానికి చెందిన ఇపుయ్ సమాధిలోని ఒక చిత్రంలో ఒక మనిషి పనివాని చేతిని పట్టి తిప్పుతున్నట్లు కనిపిస్తుంది. అది జారిన భుజాన్ని సరిచేసే దృశ్యమని పలువురు పరిశోధకుల అభిప్రాయం. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. పపైరస్ చికిత్స క్రమాన్ని మాటల్లో చెబుతున్నది. చిత్రాన్ని మాత్రం మనం వ్యాఖ్యానించుకోవాలి. ఈ రెండు ఆధారాలకూ ఒకే విలువ ఇవ్వరాదు.

హిప్పోక్రటీస్ పేరుతో వచ్చిన గ్రంథాలలో కీళ్ల గురించిన గ్రంథం భుజంతోనే మొదలవుతుంది. చంకలో మడమ ఆనించి చేతిని లాగడం, నిచ్చెన మెట్టుకు చంకను తగిలించి ఒక వైపు చేతిని, మరొక వైపు శరీరాన్ని కిందికి లాగడం వంటి పద్ధతులు అందులో ఉన్నాయి. మాటిమాటికీ భుజం జారేవారికి చంక ప్రాంతంలో ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టమని కూడా ఉంది. మచ్చ ముడుచుకుంటే ఎముక జారే ఖాళీ మూసుకుంటుందని వారి తర్కం. ఇంత కఠినమైన చికిత్స ఎందుకు? ఈ లోపం వల్ల చాలామంది వ్యాయామ పోటీలు వదులుకున్నారనీ, యుద్ధంలో చెయ్యి ఆడక ప్రాణాలు కోల్పోయారనీ ఆ గ్రంథమే చెబుతున్నది.

3. భారతదేశం: సుశ్రుత సంహిత, కట్టు వైద్యం

సుశ్రుత సంహిత ఎముకల గాయాలను రెండుగా విభజించింది: కీలు తొలగడం (సంధిముక్తం) ఆరు రకాలు, ఎముక విరగడం (కాండభగ్నం) పన్నెండు రకాలు. భుజం తొలగినప్పుడు చంకను రోకలితో పైకెత్తి, కీలు కూర్చున్న తరువాత స్వస్తికాకారపు కట్టు కట్టాలని చెప్పింది.

ఇంతకంటె ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. అరచేతి గాయం మానిన తరువాత రోగి మొదట మట్టిముద్దను, తరువాత ఉప్పుగడ్డను, చేతికి బలం వచ్చాక రాయిని పట్టుకోవాలని ఈ గ్రంథం సూచించింది. బరువును క్రమంగా పెంచే నేటి వ్యాయామ చికిత్స వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. కట్టు విప్పడంతో చికిత్స ముగియదని ఆనాటివారు గ్రహించారు.

మన ప్రాంతంలో ఎముకలు కట్టే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. రాయలసీమలోని పుత్తూరు కట్టు పేరు తమిళ ప్రాంతాలకు కూడా పాకింది. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డ ఈ కట్టులో ప్రధానమైనవి. ఇటువంటి సంప్రదాయాలను అధ్యయనం చేసేటప్పుడు రెండు పొరపాట్లకు దూరంగా ఉండాలి: ప్రతిదాన్నీ మూఢనమ్మకమని తోసివేయడం ఒకటి, ప్రతిదాన్నీ వేళ్లకు రక్తం ఆడుతున్నదా లేదా అని కూడా చూడకుండా మెచ్చుకోవడం రెండవది.

4. 19వ శతాబ్దం: విశ్రాంతా, కదలికా?

1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తుమందును శస్త్రచికిత్సలో బహిరంగంగా ప్రదర్శించారు. అంతవరకు జారిన భుజాన్ని సరిచేయడమంటే నలుగురు బలవంతులు రోగిని పట్టుకోవలసిన పని. మత్తులో కండరాలు సడలడంతో ఆ అవసరం తగ్గింది. 1870లో స్విట్జర్లాండ్ వైద్యుడు థియొడోర్ కోఖర్ బలంగా లాగకుండానే చేతిని వరుసగా తిప్పి భుజాన్ని కూర్చోబెట్టే పద్ధతిని ప్రకటించాడు. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్‌రే కిరణాలతో ఎముక జారిందా, విరిగిందా అన్నది కంటితో చూసి తెలుసుకునే వీలు కలిగింది.

ఎముకను చోటికి చేర్చిన తరువాత ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం తేలలేదు. లివర్‌పూల్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ ఎముకలు కట్టేవారి కుటుంబం నుంచి వచ్చినవాడు. జబ్బుపడిన కీలుకు దీర్ఘమైన, ఎడతెగని విశ్రాంతి కావాలని అతడు వాదించాడు. ఫ్రాన్స్‌లో జుస్ట్ లూకా-షాంపియోనియేర్ ఇందుకు భిన్నంగా, విరిగిన ఎముకలకు సైతం మర్దన, మితమైన కదలిక తొందరగా మొదలుపెట్టాలన్నాడు. థామస్ ఎక్కువగా చూసింది క్షయ సోకిన కీళ్లను అన్న సంగతి గమనిస్తే అతని పట్టుదల అర్థమవుతుంది. ఆ కీళ్లకు విశ్రాంతి మేలు చేసింది. భుజానికి అదే సూత్రాన్ని నెలల తరబడి వర్తింపజేస్తే చెయ్యి కొయ్యబారిపోయేది.

5. కాడ్‌మన్: ఫలితాన్ని అడిగిన వైద్యుడు

బోస్టన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ ఎమరీ కాడ్‌మన్ తెగిన భుజ స్నాయువును కుట్టి సరిచేసిన తొలివారిలో ఒకడు. 1934లో భుజంపై పెద్ద గ్రంథం ప్రచురించాడు. ‘ఫ్రోజెన్ షోల్డర్’ అనే పేరు పెట్టింది అతడే. నడుము వంచి చేతిని వేలాడదీసి లోలకంలా ఊపే వ్యాయామం నేటికీ అతని పేరుతోనే ఉంది. చేతి బరువే కీలును నెమ్మదిగా సడలిస్తుంది. నొప్పి ఉన్న కండరం చేతిని పైకెత్తవలసిన పని ఉండదు.

అతనికి చిక్కులు తెచ్చింది మరొక ఆలోచన. చికిత్స చేసిన ప్రతి రోగిని ఏడాది తరువాత మళ్లీ చూడాలి. ఫలితం రాకపోతే ఎందుకు రాలేదో రాయాలి. ఆ వివరాలు బయటపెట్టాలి అన్నాడు. తన చిన్న ఆసుపత్రిలో 1911–16 మధ్య చికిత్స పొందిన 337 మంది రోగుల విషయంలో 123 పొరపాట్లు జరిగాయని తానే ప్రకటించాడు. తోటి వైద్యులకు ఇది రుచించలేదు. 1915లో ఒక సభలో వారిని ఎగతాళి చేసే వ్యంగ్యచిత్రం ప్రదర్శించడంతో స్థానిక వైద్య సంఘంలో అతని పదవి పోయింది.

అతని ప్రశ్న మాత్రం నిలిచింది. 1972లో చార్ల్స్ నీర్ వివరించిన తరువాత, భుజం పైఎముక అడుగుభాగాన్ని చెక్కే శస్త్రచికిత్స లోకమంతటా వ్యాపించింది. బ్రిటన్‌లో ఒక బృందానికి ఈ శస్త్రచికిత్స చేసి, మరొక బృందానికి కీలులోపల గొట్టంతో చూసి మాత్రమే వదిలిపెట్టి పోల్చారు. 2018లో వెలువడిన ఫలితాలలో ఈ రెండు బృందాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

6. సారాంశం

భుజం చికిత్స చరిత్ర కేవలం పరికరాల అభివృద్ధి చరిత్ర కాదు. కీలును చోటికి చేర్చడం ప్రాచీనులకే తెలుసు. ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు కదిలించాలి అన్న వివేకం అనుభవం మీద వచ్చింది. చేసిన చికిత్స నిజంగా ఉపయోగపడిందా అని రోగిని తిరిగి అడిగే అలవాటు అన్నిటికంటె ఆలస్యంగా, ఎంతో ప్రతిఘటన మధ్య వచ్చింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. భుజం ఇతర కీళ్లకంటె ఎక్కువగా జారడానికి కారణమేమిటి?
2. సుశ్రుత సంహితలోని మట్టిముద్ద, ఉప్పుగడ్డ, రాయి క్రమం దేనిని సూచిస్తున్నది?
3. థామస్, లూకా-షాంపియోనియేర్‌ల అభిప్రాయాలను పోల్చండి.

అభ్యాసం

మీ ఊరిలో పెద్దలను అడిగి, గూడ జారినప్పుడు పూర్వం ఏం చేసేవారో, ఎన్నాళ్లకు తిరిగి పనిలోకి వెళ్లేవారో ఒక పుటలో రాయండి. విన్న మాటను, మీరు స్వయంగా చూసినదాన్ని వేరువేరుగా నమోదు చేయండి.